ఆగస్టా మొగుడు

ఆ ఏడు వసంతంలో మా ఇంట్లో ఉన్నది ముగ్గురమే అయినా నలుగురికి సరిపడా గొడవ ఉండేది. నేను, నా భార్య లీలారాణి, మా అమ్మాయి జెమీమా, నాలుగోది ఆగస్టా. ఆగస్టా నిజం మనిషి కాదు. విక్టోరియా రాణి కాలంలో ఎవరో రాసిన ఇంగ్లీషు నవల్లో కథానాయిక. జెమీమాకి జూన్‌లో లీవింగ్ సర్ట్ పరీక్షలు. ఐర్లండులో బడి చదువు అక్కడితో అయిపోతుంది, ఆ మార్కులతోనే కాలేజీ. ఇంగ్లీషు పేపరుకి వాళ్ళ టీచరమ్మ ఆ నవల పెట్టింది.

నేను స్లైగోలో ఒక హోటలు వంటింట్లో గిన్నెలు తోమేవాణ్ణి. కిచెన్ పోర్టర్ అంటారు, వినడానికి బాగానే ఉంటుంది. కరోనాతో హోటలు మూసేశారు. గవర్నమెంటు వాళ్ళు ఇంట్లో కూర్చోబెట్టి భత్యం పంపేవాళ్ళు. లీలారాణి ఆసుపత్రిలో నర్సు. ఆమె డ్యూటీకి పోయేది, నేను వంట చేసేవాణ్ణి. మా ఊరు చీరాల నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే వర్క్ ఫ్రమ్ హోమ్ అని చెప్పేవాణ్ణి. గిన్నెలు తోమేవాడికి వర్క్ ఫ్రమ్ హోమ్ ఏంటని ఎవరూ అడగలేదు. ఇక్కడ నేనేం పని చేస్తానో ఎవరికైనా చెప్పి ఉంటే కదా అడగడానికి.

చదివింది నోటితో ఒకసారి చెప్పుకుంటే గుర్తుంటుందని టీచరమ్మ అందట. వినడానికి ఇంట్లో ఖాళీగా ఉన్నది నేనొక్కణ్ణే. జెమీమా బడి నుంచి వచ్చి వంటింటి బల్ల మీద పుస్తకం పెట్టుకుని కూర్చునేది. నేను ఉల్లిపాయలు తరిగేవాణ్ణి. అది మాట్లాడేది స్లైగో ఇంగ్లీషు, మూతి తిప్పినట్టు ఉంటుంది. తెలుగు అంతా అర్థమవుతుంది గానీ నోట్లోంచి రాదు. నాది ఏడో తరగతితో ఆగిపోయిన చదువు. అయినా ఇన్నేళ్ళు వంటింట్లో తిట్లు తిన్నాను గనక ఇంగ్లీషు వినడానికి లోటు లేదు. అది చెప్పింది నాకు అర్థమైన తెలుగులో రాస్తున్నాను.

"తమ్ముడు జ్వరంతో చచ్చిపోయాడు డాడీ. చిన్న పిల్లాడు. ఆగస్టా లేచి కిటికీ మూసింది. పక్కబట్టలు మార్పించింది. వంటావిణ్ణి పిలిచి రాత్రి భోజనానికి ఎంతమంది ఉంటారో చెప్పింది."

"ఏడవలేదా?"

"లేదు."

"ఒక్క చుక్క కూడా?"

"నాట్ వన్."

"ఆడదేనా అది?"

"డాడీ!" అని పెన్నుతో నా మోచేతి మీద కొట్టింది.

నాకు మాత్రం కథ పట్టుకుంది. మర్నాడు అది బ్యాగు దించకముందే "ఏమైంది ఆ దొరసానికి?" అని అడిగాను. ఆవిడకి అప్పటికే పెళ్ళయిందట. మొగుడి పేరు కార్‌బీ. ఉన్ని మిల్లు ఉంది. చదువుకోలేదు, కష్టపడి పైకొచ్చిన మనిషి. ఆగస్టాకి పియానో కొనిచ్చాడు, తోట వేయించాడు, సముద్రం చూపించాడు. అన్నిటికీ ఆవిడ "థాంక్యూ మిస్టర్ కార్‌బీ" అనేది. కట్టుకున్నవాణ్ణి మిస్టర్ అని! ఒకరోజు మిల్లు తగలబడిపోయింది. ఒళ్ళంతా మసితో ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. ఆవిడ మెట్ల మీద నిలబడి, "నీళ్ళు వేడిగా ఉన్నాయి, స్నానం చెయ్యండి" అంది.

"అంతేనా?" అన్నాను కత్తి పక్కన పెట్టి.

"అంతే."

"పాపం కార్‌బీ."

"నువ్వు ఎప్పుడూ కార్‌బీ సైడే."

"మరి ఇంకెవరి సైడు ఉంటాను? అచ్చం మీ అమ్మలాగే ఉంది ఆవిడ."

జెమీమా పుస్తకం మూసేసింది. నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు.

లీలారాణి డ్యూటీ దిగి వచ్చేసరికి చీకటి పడేది. పెరట్లో షెడ్డు ఉంది, అక్కడ బట్టలు మార్చుకుని, తిన్నగా స్నానానికి పోయి, వచ్చి అన్నం తిని, తన కంచం తను కడుక్కునేది. "జెమీమా తిందా? చెత్త బిన్ను బయట పెట్టారా?" అవే మాటలు. ఆ జనవరిలో ఐర్లండులో రోగం ఎంత ముదిరిందో అందరికీ తెలుసు. ఎలా ఉంది వార్డులో అని రోజూ అడిగేవాణ్ణి. "బిజీ" అనేది. నాకు ఇంకేం చెప్పేది కాదు. పొద్దస్తమానం ఇంట్లో పడి ఉన్నవాడికి ఒక మాట చెబితే ఏం పోయింది అని నాకు లోపల మండేది.

మేం క్రైస్తవులం. అన్నాలయ్యాక కుటుంబ ప్రార్థన ఉంటుంది. ఒక పాట పాడి, కళ్ళు మూసుకుని, ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థన చెయ్యాలి. మా వాళ్ళ ఇళ్ళలో సగం పోట్లాటలు అక్కడే జరుగుతాయి. ముఖాన అనలేనివన్నీ దేవుడికి చెప్పినట్టు చెప్పేస్తాం. కళ్ళు మూసుకుని ఉన్నవాణ్ణి ఆపడానికి ఎవరికీ వీలుండదు. మా అమ్మ మా నాన్నను ముప్పై ఏళ్ళు అలాగే సాధించింది. నేను కూడా తక్కువ తినలేదు.

"ప్రభువా, వండిపెట్టినవాడికి కూర బాగుందో లేదో ఒక్క మాట చెప్పే మనసు ఈ ఇంట్లో వాళ్ళకు దయచెయ్యి" అనేవాణ్ణి.

జెమీమా తన వంతు రాగానే గబగబా ఇంగ్లీషులో, "దేవా, డాడీ కప్పులు ప్రెస్‌లో పెట్టేముందు సరిగ్గా తుడిచేలా సాయం చెయ్యి" అనేది. ప్రెస్ అంటే ఇక్కడ అలమర. నాకు నవ్వొచ్చేది, కళ్ళు మూసుకునే నవ్వుకునేవాణ్ణి.

లీలారాణి ఈ ఆటలోకి ఎప్పుడూ రాలేదు. ఆమె ప్రార్థన ఒకటే తీరు. "కిటికీ పక్కన మంచం మీద పెద్దాయన్ని చూడు ప్రభువా. తలుపు దగ్గరున్న ఆవిణ్ణి చూడు. కొత్తగా వచ్చిన డ్రైవరుని చూడు. ఆమేన్." రోగుల పేర్లు బయట చెప్పకూడదంట, ఉద్యోగం నియమం. నాకది హాజరు పిలిచినట్టు ఉండేది. నా పేరు గానీ బిడ్డ పేరు గానీ అందులో వచ్చేది కాదు.

ఏప్రిల్ చివర్లో చీరాల నుంచి కబురొచ్చింది. లీలారాణి అక్క గిరిజాకుమారికి కరోనా. ఆ రోజుల్లో ఇండియాలో పడక దొరకడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. ఆసుపత్రి వరండాలో బల్ల మీద పడుకోబెట్టారన్నారు. ఆ సాయంత్రం ప్రార్థనలో లీలారాణి కిటికీ పెద్దాయన్నీ, తలుపు దగ్గరావిణ్ణీ అప్పజెప్పి, చివర్లో "వరండాలో ఉన్న ఆవిణ్ణి చూడు ప్రభువా, ఆమేన్" అంది.

నేను కళ్ళు తెరిచి చూశాను. ఆవిడంట, ఆవిడ! తోడబుట్టిన దాన్ని మా అక్క అనడానికి నోరు రాలేదా? గిరిజాకుమారి నాకు ఎంత కావలసిన మనిషో చెబుతాను. నర్సు చదివిన పిల్లని ఏడో తరగతి వాడికి ఇస్తామా అని వాళ్ళింట్లో అందరూ లేచినప్పుడు, మనిషి మంచోడు ఇచ్చెయ్యండి అన్నది ఆమె ఒక్కతే.

మూడో రోజు పొద్దున్నే ఫోన్ వచ్చింది. మా తోడల్లుడు, గిరిజాకుమారి భర్త. లీలారాణి యూనిఫాం వేసుకుని కారు తాళాలు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. స్పీకర్లో అవతల ఆయన ఏడుపు ఇల్లంతా వినబడింది. ఈమె మాత్రం వార్డులో మాట్లాడినట్టే మాట్లాడింది.

"ఎన్నింటికి బావా?... పక్కన ఎవరున్నారు?... పిల్లలు తిన్నారా?... అక్క కప్పుకున్న దుప్పటి ఇంటికి తేవద్దు. పిల్లల్ని దగ్గరికి రానివ్వకు. నువ్వూ టెస్టు చేయించుకో. సరే బావా. ఉంటాను."

ఫోను పెట్టి నా వైపు తిరిగింది. "అక్క పోయింది" అంది. తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "ఫ్రిజ్‌లో చేపలున్నాయి. ఇవాళ వండకపోతే పాడైపోతాయి."

డ్యూటీకి వెళ్ళిపోయింది.

నేను సోఫాలో పడి ఏడ్చాను. జెమీమా మేడ మీద నుంచి దిగొచ్చి నా పక్కన కూర్చుని ఏడ్చింది. కాసేపయ్యాక లేచి చేపలు వండాను. కారం ఎక్కువైంది. సాయంత్రం లీలారాణి ఆ కూర తింది, కంచం కడుక్కుంది, బిన్ను బయట పెట్టారా అని అడిగింది. అప్పుడు నాకు పుట్టింది కోపం కాదు, అసహ్యం. ఆ మాట రాయడానికి ఇప్పుడు చెయ్యి రావట్లేదు గానీ అదే నిజం.

మా సంఘం పాస్టరు యెషయా గారు డబ్లిన్‌లో ఉంటారు. వారంరోజులకి జూమ్‌లో ఆదరణ కూడిక పెట్టారు. చావు జరిగిన ఇంటివాళ్ళని ఓదార్చడానికి మా వాళ్ళు పెట్టే కూడిక అది. మామూలుగా అయితే ఇంటికి వచ్చి, కుర్చీలు వేసుకుని, పాటలు పాడి, ఇంటివాళ్ళని ఏడిపించి, ఓదార్చి, టీ తాగి పోతారు. ఈసారి అందరూ తెర మీద గళ్ళల్లో కూర్చున్నారు. డబ్లిన్ సాఫ్ట్‌వేర్ వాళ్ళు వెనకాల పుస్తకాల అలమరలు కనబడేలా కూర్చున్నారు. లెటర్‌కెన్నీ నుంచి విజయరాణి గారు, పోర్ట్‌లీష్ వాళ్ళు, నలభై ఇళ్ళు ఉంటాయి. చీరాల నుంచి మా తోడల్లుడు, తల్లి లేని ఇద్దరు పిల్లలు ఒక గడిలో ఇరుక్కుని కూర్చున్నారు.

విజయరాణి గారు గిరిజాకుమారిని ఒక్కసారే చూసింది. అయినా పాట మొదటి చరణంలోనే మొదలుపెట్టింది ఏడుపు. ఆమెను చూసి మరో ఇద్దరు ఆడవాళ్ళు. యెషయా గారు, "సిస్టర్ లీలారాణి గారూ, అక్కగారి గురించి రెండు మాటలు" అన్నారు.

లీలారాణి నా పక్కనే కూర్చుని ఉంది. మైకు తీసింది.

"మా అక్క పోయింది. ఆక్సిజన్ అందలేదు. మా బావ చెయ్యగలిగిందంతా చేశాడు. మీరంతా వచ్చారు, వందనాలు."

మైకు మూసింది. అందరూ ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూశారు. రాలేదు. యెషయా గారు గొంతు సవరించుకున్నారు. నా ఫోను కూసింది. విజయరాణి గారి మెసేజీ: "ఏంటన్నా, లీల కళ్ళు తడవను కూడా లేదు. బాగానే ఉందా మనిషి?"

నాకు ఒళ్ళంతా సిగ్గు పాకింది. అందరూ మమ్మల్నే చూస్తున్నట్టు, గిన్నెలు తోముకునేవాడి పెళ్ళానికి పద్ధతి కూడా లేదని పుస్తకాల అలమరల వాళ్ళు అనుకుంటున్నట్టు అనిపించింది. సరిగ్గా అప్పుడే యెషయా గారు, "లాజరస్ గారూ, మీరు ముగింపు ప్రార్థన చెయ్యండి" అన్నారు.

కళ్ళు మూసుకున్నాను. మొదట బాగానే నడిచింది. చనిపోయిన మనిషి కోసం, తోడల్లుడి కోసం, పిల్లల కోసం ప్రార్థించాను. అటూ ఇటూ ఆమేన్లు వినబడ్డాయి. ఆమేన్లు వినబడితే నా గొంతు లేస్తుంది, అది నాకున్న జబ్బు.

"ప్రభువా, నా భార్య కోసం కూడా నీ పాదాలు పట్టుకుంటున్నాను. తోడబుట్టిన అక్క పోతే ఒక్క కన్నీటి చుక్క రాలని ఆ గుండెని చూడు తండ్రీ. మా అమ్మాయి చదివే ఇంగ్లీషు పుస్తకంలో ఆగస్టా అని ఒక దొరసాని ఉంది ప్రభువా. తమ్ముడు చనిపోతే కిటికీ మూసి భోజనాల సంగతి చూసింది. నా ఇంట్లో కూడా అలాంటి చల్లటి మనిషినే పెట్టావు. ఆ మంచు కరిగించు తండ్రీ. ఏడ్చే మనసు దయచెయ్యి. ఆమేన్."

ఆమేన్, ఆమేన్ అని గళ్ళన్నీ పలికాయి. నా పక్కన లీలారాణి కూడా, అందరితోపాటే, మామూలు గొంతుతో "ఆమేన్" అంది.

కళ్ళు తెరిచాను. తెర మీద చీరాల గడిలో మా తోడల్లుడు తల దించుకుని ఉన్నాడు. పెద్ద పిల్ల మాత్రం తల ఎత్తి, వాళ్ళ పిన్నిని చూస్తోంది.

ఆ మర్నాడు ఏమీ జరగలేదు. ఆ పై రోజు లీలారాణి చిన్న సూట్‌కేసు సర్దుకుంది. ఆసుపత్రికి దగ్గర్లో, ఆమెతో పనిచేసే మలయాళీ నర్సు ఇంట్లో ఒక గది ఖాళీగా ఉందట.

"జెమీమాకి పరీక్షలు. నావల్ల దానికేదైనా అంటుకుంటే ఏడాది పోతుంది. అక్కడే ఉంటాను" అంది.

"ఎన్నాళ్ళు?"

"చూద్దాం."

ఆ జనవరిలో వార్డు నిండా రోగులున్నప్పుడు ఇంట్లోనే ఉంది. ఇప్పుడు ఆమె రెండో టీకా కూడా అయిపోయింది. ఎందుకు వెళ్తోందో నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకు తెలుసు. కారు వెనక్కి తీసి గేటు దాటే దాకా గుమ్మంలో నిలబడ్డాను. పక్కింటి ఐరిష్ ముసలాయన తన తోటలోంచి, "అంతా గ్రాండేనా?" అన్నాడు, ఇక్కడ బాగుందా అనడానికి అదే మాట. "గ్రాండ్" అన్నాను.

తర్వాత వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే జెమీమా వచ్చి బల్ల దగ్గర కూర్చోలేదు. పుస్తకం తీసుకుని మేడ మీదికి పోయింది. రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడోరోజు గదికి వెళ్ళి, "ఏమైంది ఆగస్టాకి? చివరికి ఏడ్చిందా?" అని అడిగాను. కొంచెం బతిమాలుతున్నట్టే అడిగాను.

అది పెన్ను కింద పెట్టింది.

"ఆ కథ ఎవరు చెబుతున్నారో నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు డాడీ."

"ఎవరో రచయిత. ఎవరైతే ఏంటి?"

"కార్‌బీ. పుస్తకం మొత్తం కార్‌బీయే చెబుతాడు. నేను, నా భార్య అనే ఉంటుంది అంతా. ఆగస్టా చల్లటి మనిషని మనకెలా తెలుసు? అతను చెప్పాడు గనక. ఆవిడ మెట్లెక్కి గదిలోకి పోయి తలుపేసుకుంటే అతను కింద కూర్చుని పైపు తాగుతాడు. లోపల ఏం జరిగిందో పుస్తకంలో లేదు. అతను చూడలేదు గనక. టీచర్ దాని మీదే క్వశ్చన్ వస్తుందంది."

నేను బల్ల మీది పుస్తకం వైపు చూశాను.

"ఆ జూమ్‌లో వాళ్ళకి మమ్మీ గురించి ఏం తెలుసు డాడీ? నువ్వు చెప్పిందే కదా." దాని కళ్ళు ఎర్రబడ్డాయి. "నేను నీకు కథ చెప్పింది ఇందుకా?"

అది పుట్టి పద్దెనిమిదేళ్ళు, నన్ను ఎప్పుడూ అలా అనలేదు. కిందికి దిగొచ్చి బల్ల దగ్గర కూర్చున్నాను. పైపు ఒకటే తక్కువ.

ఆ వారమంతా ఫోను చేస్తే "జెమీమాకివ్వండి" అనేది లీలారాణి. మే నెల అలాగే పోయింది. జెమీమా ఆదివారాలు అక్కడికెళ్ళి తల్లితో సముద్రం ఒడ్డున నడిచి వచ్చేది. ఏం మాట్లాడుకున్నారో చెప్పేది కాదు. ఆసుపత్రుల కంప్యూటర్లన్నిటికీ ఎవరో ఇంటర్నెట్టు దొంగలు తాళం వేసేసిన రోజులు అవి, అన్నీ చేత్తో రాసుకుంటున్నారని టీవీలో చెప్పారు. నా భార్య సంగతులు నాకు టీవీలో తెలుస్తున్నాయి. జూన్ మొదట్లో హోటలు తెరిచారు. మళ్ళీ సింకు దగ్గర నిలబడ్డాను. చేతులు పని చేస్తుంటే ఒకటే ఆలోచన. ఆ గదికి అద్దె ఒప్పందం రాసుకుంటుందేమో. ఇక రాదేమో.

పరీక్షలకి నాలుగు రోజులుందనగా టిఫిన్ డబ్బాలో అన్నం, దోసకాయ పప్పు పెట్టుకుని వెళ్ళాను. తలుపు ఆమే తీసింది. డ్యూటీ లేని రోజు. లోపలికి రమ్మనలేదు. గుమ్మంలో ఆమె, మెట్టు కింద నేను.

"జెమీమా నిద్రపోతోందా సరిగ్గా?" అని అడిగింది.

"పోతోంది."

డబ్బా అందించాను. తీసుకుంది. ఇక చెప్పాల్సింది చెప్పాలి. దారంతా కూడబలుక్కుంటూనే వచ్చాను గానీ ఆమె ముఖం చూసేసరికి ఒక్క ముక్క గుర్తురాలేదు.

"ఒక్క నిమిషం ప్రార్థన చేసుకుందాం" అని కళ్ళు మూసుకున్నాను. "ప్రభువా, నీ దాసుడు బుద్ధి లేక..."

"ఆపండి."

ఆపాను.

"కళ్ళు తెరవండి. నాతో చెప్పేది నాతో చెప్పండి. మధ్యలో ఆయన్నెందుకు తిప్పుతారు?"

కళ్ళు తెరిచాను. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమెతో ముఖ్యమైన మాట కళ్ళు తెరిచి ఒక్కటి కూడా చెప్పలేదని ఆ మెట్టు మీద తెలిసింది నాకు. చూపు ఎక్కడ పెట్టాలో తెలియక ఆమె చేతిలో డబ్బా వైపు చూశాను.

"తప్పయింది" అన్నాను.

"ఏది?"

"నువ్వు ఏడవలేదని అనడం."

"అది నిజమే కదా. ఏడవలేదు." డబ్బా రెండు చేతుల్తో పట్టుకుంది. "జనవరిలో ఏడ్చేదాన్ని. మాస్కు, దాని మీద అద్దం. లోపల ఏడిస్తే అద్దం మసకబారిపోయేది, ముక్కు తుడుచుకోవడానికి ఉండదు. పోయేవాళ్ళ ముందు ఫోను పట్టుకోవాలి, ఇంట్లోవాళ్ళు చూసుకోవడానికి. చెయ్యి వణక్కూడదు. అందుకని మానుకున్నాను. మానుకుంటే మానిపోయింది. ఇప్పుడు మళ్ళీ రమ్మంటే రావట్లేదండీ. అక్కకి కూడా రాలేదు. స్నానాల గదిలో నిలబడి చూశాను, రాలేదు. నాకే భయమేసింది, ఇదేం జబ్బు అని."

వీధిలో ఎవరో కుక్కని తీసుకుపోతున్నారు. ఆమె వాళ్ళు దాటేదాకా ఆగింది.

"మీకు చెబుదామనే అనుకున్నాను. ఈలోపు మీరు నలభై ఇళ్ళకీ పంచిపెట్టేశారు. అక్క పిల్లలు విన్నారు. వాళ్ళమ్మ కోసం పిన్ని ఏడవలేదని."

నాకు క్షమించమని అడగడానికి కూడా సిగ్గేసింది. అడిగితే ఆ మోత కూడా ఆమె మీదే పెట్టినట్టు ఉంటుంది.

"వెళ్ళండి. హోటల్లో మీ షిఫ్టుకి ఆలస్యమవుతుంది" అని తలుపు వేసుకుంది. గట్టిగా ఏం వెయ్యలేదు, మామూలుగానే.

పరీక్షలకి ముందురోజు సాయంత్రం సంఘంలో పరీక్ష రాసే పిల్లల కోసం ప్రత్యేక ప్రార్థన. మళ్ళీ జూమ్, మళ్ళీ గళ్ళు. మా తోడల్లుణ్ణి నేనే ఫోన్ చేసి రమ్మన్నాను. పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకోమన్నాను. లీలారాణి వచ్చింది గానీ కెమెరా పెట్టలేదు. నల్ల గడిలో పేరు మాత్రమే. నా వెనక సోఫాలో జెమీమా ఉంది.

పాట అయ్యాక చెయ్యెత్తాను.

"లాజరస్ గారూ, ప్రార్థన చేస్తారా?" అన్నారు యెషయా గారు.

"ప్రార్థన కాదండీ. మాట చెప్పాలి."

"ప్రార్థన అంశమా?"

"కాదండీ. ఉత్త మాట." కళ్ళు మూతలు పడబోతుంటే బలవంతాన తెరిచి ఉంచాను. "ఆదరణ కూడికలో నేను ముగింపు ప్రార్థన చేశాను. అది ప్రార్థన కాదు. నా పెళ్ళాం మీద మీ అందరికీ చాడీ చెప్పాను. మీ ముందు నాకు తల వంపుగా అనిపించి చెప్పాను. మీరందరూ కన్నీళ్ళు లెక్కపెడుతున్నట్టు అనిపించింది. అందరికన్నా ముందు లెక్కపెట్టింది నేనే. పాపా," అని చీరాల గడిలో పెద్దపిల్లని పిలిచాను, "మీ అమ్మ వరండాలో ఉన్న రోజుల్లో మీ పిన్ని రోజూ మీ అమ్మ కోసం ప్రార్థన చేసింది. నేను విన్నాను. విని కూడా నాకు ఎక్కలేదు. మీ పిన్ని గురించి నేను చెప్పింది మర్చిపో. నాకు చాలా సిగ్గుగా ఉంది. అంతేనండీ."

ఎవరూ ఆమేన్ అనలేదు. అది ఆమేన్ అనే మాట కాదు గదా. పుస్తకాల అలమరల వాళ్ళలో ఒకాయన కెమెరా ఆపేశాడు. విజయరాణి గారు, "అయ్యో అన్నా, మేమేం అనుకోలేదు, లీల మాకు తెలియదా" అంది. ఆమెకు తెలియదు. నాకే తెలియదు.

నల్ల గడి అంచు పచ్చగా వెలిగింది. మైకు తీసింది.

"రేపు జెమీమాకి పొద్దున్నే పరీక్ష. పెద్ద పాటలు పెట్టకండి యెషయా గారూ, త్వరగా ముగించండి" అంది లీలారాణి.

వెనకాల జెమీమా కిసుక్కున నవ్వింది.

మర్నాడు పొద్దున లీలారాణి కారు గేటు ముందు ఆగింది. హారన్ కొట్టలేదు, దిగి లోపలికి వచ్చింది. కూతురి పెన్నులు సరిచూసింది, అరటిపండు తినిపించింది, బడి దగ్గర దింపి మళ్ళీ ఇంటికే వచ్చింది. సూట్‌కేసు తేలేదు. చేతి సంచీ మాత్రం బల్ల మీద పెట్టింది. నేను టీ పెట్టాను. ఎదురెదురుగా కూర్చున్నాం. ఆ బల్ల దగ్గర మేమిద్దరమే కూర్చుని ఎన్నాళ్ళయిందో.

అడగకూడదు అనుకుంటూనే, ఉంటావా అని అడగబోయాను. ఆమె కప్పు తిప్పుకుంటూ తనంతట తనే మొదలుపెట్టింది.

"నేను ఉతికిన బట్టలు అక్కకి నచ్చేవి కావు."

నేను ఆమె వైపు చూశాను.

"గుంటూరులో నర్సింగు హాస్టల్లో ఉన్నప్పుడు బస్సెక్కి వచ్చేది. తినడానికేదైనా తెచ్చిందేమోనని నేను సంచీ చూసేదాన్ని. అది తెచ్చేది బట్టల సబ్బు. వచ్చీరాగానే నేను ఆరేసిన యూనిఫాంలన్నీ దండెం మీద నుంచి లాగి మళ్ళీ తడిపేది. వార్డెను వచ్చి, ఇది బయటివాళ్ళు బట్టలు ఉతుక్కునే చోటు కాదమ్మా అంటే, నేను బయటిదాన్ని కాదు, దీనికి అమ్మనీ నాన్ననీ అన్నీ నేనే అని వార్డెను చీర కొంగు కూడా పట్టుకుని చూసి, మీది కూడా సరిగ్గా జాడించలేదండీ అంది..."

లీలారాణి కళ్ళు పొడిగా ఉన్నాయి. గొంతు కూడా వార్డు గొంతే. పెదవి చివర మాత్రం చిన్న నవ్వు లాంటిది ఉంది. నాకు వార్డెను కొంగు పట్టుకున్న గిరిజాకుమారి కళ్ళకు కట్టింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. టీ కప్పు పక్కన పెట్టి, ముఖం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆమె ఆగింది. పేపరు న్యాప్‌కిన్ ఒకటి నా వైపు తోసింది.

"అప్పుడే ఏంటండీ? నన్ను చెప్పనివ్వండి. ఇంకా అసలు సంగతి రాలేదు."

ముక్కు తుడుచుకున్నాను.

"చెప్పు" అన్నాను.